చికిత్స ముగిసిన తేదీ నుంచి లెక్క: క్యాన్సర్ నుంచి కోలుకున్నవారి ఆర్థిక హక్కులు

సభకు నమస్కారం. నిర్వాహకులు నాకు అప్పగించిన అంశం, క్యాన్సర్ నుంచి కోలుకున్నవారికి అప్పుల విషయంలో, బీమా విషయంలో చట్టం ఇచ్చే రక్షణ. నాకంటే ముందు మాట్లాడిన వైద్యులు చికిత్స గురించి వివరంగా చెప్పారు కాబట్టి, నేను చికిత్స ముగిసిన తరువాత మొదలయ్యే సంగతులకే పరిమితమవుతాను. బీమా తగాదాలు చూసే న్యాయవాదిగా నాకు ఎక్కువగా ఎదురయ్యేది కూడా ఆ భాగమే. ఆసుపత్రిలో ఫైలు మూసేసిన మనిషికి బీమా కంపెనీ దగ్గర మరో ఫైలు తెరుచుకుంటుంది. ఆసుపత్రి ఫైలుకు ముగింపు తేదీ ఉంది గానీ, ఈ రెండో ఫైలుకు లేదు. ఆ తేదీని కంపెనీల ఇష్టానికి వదిలేయకుండా చట్టమే నిర్ణయించాలన్నది నేను ఈరోజు మీ ముందు పెట్టదలచిన వాదన. ఈ పని చేసి చూపించిన దేశాలు ఇప్పటికే కొన్ని ఉన్నాయి.

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో 14 లక్షలకు పైగా కొత్త క్యాన్సర్ కేసులు, 9 లక్షలకు పైగా మరణాలు నమోదయ్యాయి. పత్రికల్లో పెద్ద అక్షరాలతో వచ్చేది రెండో సంఖ్య. వైద్యం చేయించుకుని, మళ్ళీ ఉద్యోగంలో చేరి, పిల్లల చదువులకూ సొంత ఇంటికీ లెక్కలు వేసుకుంటున్నవారి గురించి అడిగేవారు తక్కువ. తొలిదశలో గుర్తించిన రొమ్ము క్యాన్సర్, థైరాయిడ్ క్యాన్సర్, వృషణాల క్యాన్సర్, పిల్లల్లో వచ్చే కొన్ని రకాల రక్తక్యాన్సర్లు సరైన వైద్యం అందితే నయమయ్యే అవకాశం బాగా ఉన్నవి. నాలుగేళ్ల వయసులో లుకేమియా వచ్చి, ఆరేడేళ్లకల్లా పూర్తిగా నయమైన ఒక అమ్మాయిని ఊహించుకోండి. ఇప్పుడామెకు ఇరవై ఎనిమిదేళ్లు. ఆ కీమోథెరపీ రోజులు ఆమెకు సరిగా గుర్తు కూడా ఉండవు. అయినా టర్మ్ పాలసీ (నిర్ణీత కాలంలో చనిపోతే కుటుంబానికి డబ్బు ఇచ్చే జీవిత బీమా) కోసం ప్రపోజల్ ఫారం తీసుకున్నప్పుడు, ‘మీకు ఎప్పుడైనా క్యాన్సర్, కణితి లేదా రక్తసంబంధ వ్యాధి నిర్ధారణ అయిందా’ అన్న గడి దగ్గర ఆమె కలం ఆగుతుంది.

ఆ గడిలో ‘అవును’ అని రాస్తే ఏమవుతుందో ఇక్కడున్నవారిలో కొందరికి స్వయంగా తెలిసే ఉంటుంది. కొన్ని కంపెనీలు నేరుగా తిరస్కరిస్తాయి. కొన్ని ‘వాయిదా’ అంటాయి, కానీ ఎప్పటికి అన్నది చెప్పవు. కొన్ని ప్రీమియం మీద లోడింగ్, అంటే అదనపు మొత్తం, వేస్తాయి. మరికొన్ని పాలసీ ఇస్తాయి గానీ క్యాన్సర్‌నూ, దానికి ఏ విధంగానైనా సంబంధం ఉందని చెప్పగలిగిన ప్రతి జబ్బునూ మినహాయిస్తాయి. తరువాత ఇంకో కంపెనీకి వెళితే, వారి ఫారంలో ఇంకో ప్రశ్న ఉంటుంది: ‘ఇంతకుముందు ఏ బీమా సంస్థ అయినా మీ ప్రతిపాదనను తిరస్కరించిందా, వాయిదా వేసిందా, అదనపు ప్రీమియం అడిగిందా?’ అంటే మొదటి తిరస్కరణే రెండో తిరస్కరణకు సాక్ష్యంగా మారుతుంది. ఇక హోమ్ లోన్ సంగతి తీసుకుంటే, అప్పుతో పాటు బీమా తీసుకుని తీరాలని రిజర్వ్ బ్యాంకు గానీ, బీమా నియంత్రణ సంస్థ గానీ ఎక్కడా అనలేదు. కానీ శాఖలో కూర్చున్న అధికారి అప్పు కాగితాల మధ్యలో బీమా ఫారం కూడా పెట్టి ఇస్తాడు. ఆ బీమా దొరకనివారికి అప్పు ఇవ్వనని ఎవరూ రాతపూర్వకంగా చెప్పరు. ఫైలు మాత్రం కదలదు.

బీమా కంపెనీల వాదనను కూడా న్యాయంగా చెప్పాలి. బీమా అంటే చాలామంది కలిసి కట్టే డబ్బుతో కొద్దిమంది నష్టాన్ని పూడ్చడం. అడిగినవాటికి దాపరికం లేకుండా సమాధానం చెప్పడం కొనేవారి బాధ్యత అని మన సుప్రీంకోర్టు 2009లోనే స్పష్టంగా చెప్పింది. జబ్బు వచ్చినవారు మాత్రమే ఎగబడి పాలసీలు కొని, ఆరోగ్యవంతులు దూరంగా ఉంటే నిధి నిలవదన్న భయం కూడా నిరాధారమైనది కాదు. కాకపోతే ఈ వాదన బలం కాలంతో పాటు తగ్గుతుంది. చాలా రకాల క్యాన్సర్లలో తిరగబెట్టే ప్రమాదం చికిత్స తరువాత మొదటి కొన్నేళ్లలోనే ఎక్కువగా ఉంటుంది; ఆ తరువాత ఏటేటా తగ్గుతూ వస్తుంది. హార్మోన్‌కు స్పందించే రొమ్ము క్యాన్సర్ లాంటివి పదేళ్ల తరువాత కూడా తిరిగి రావచ్చన్నది నిజమే, ఆ మినహాయింపును నేను దాచను. అయితే రెండేళ్ల క్రితం చికిత్స ముగిసినవారినీ, ఇరవై రెండేళ్ల క్రితం ముగిసినవారినీ ఒకే ‘ఎప్పుడైనా’ కింద చేర్చే ప్రశ్నకు గణాంకశాస్త్రం అండ లేదు. అడిగేవారికి ఖర్చు లేదు కాబట్టి ఆ ప్రశ్న అలాగే కొనసాగుతోంది.

ఈ చిక్కుముడిని మొదట విప్పిన దేశం ఫ్రాన్స్. అక్కడ ఇంటి కోసం బ్యాంకు అప్పు తీసుకోవాలంటే, అప్పు తీసుకున్నవారు చనిపోయినా పని చేయలేని స్థితికి వచ్చినా బాకీ తీర్చే బీమా ఉండాలని బ్యాంకులు దాదాపు ఎల్లప్పుడూ అడుగుతాయి. బీమా దొరకకపోతే ఇల్లు దొరకదన్నమాట. ఎయిడ్స్ భయం తీవ్రంగా ఉన్న రోజుల్లో, 1991లో, హెచ్‌ఐవీ ఉన్నవారికి అప్పు బీమా గురించి ప్రభుత్వానికీ బీమా సంస్థలకూ మధ్య ఒక ఒప్పందం కుదిరింది. దాన్ని 2001లో ఇతర తీవ్ర వ్యాధులకు విస్తరించారు. ఆ తరువాత 2007లో అమల్లోకి వచ్చిన ఒప్పందం, ఆరోగ్య సమస్య ఉన్నవారి దరఖాస్తును మొదటి మెట్టు దగ్గరే తోసిపుచ్చకుండా, మరింత లోతుగా పరిశీలించే రెండు మూడు అంచెలను ఏర్పాటు చేసింది. ఇవన్నీ ప్రభుత్వం, బ్యాంకులు, బీమా సంస్థలు, రోగుల సంఘాలు ఒకే బల్ల చుట్టూ కూర్చుని కుదుర్చుకున్నవి. అయినా పదిహేనేళ్ల అనుభవంలో తేలిందేమిటంటే, దరఖాస్తును ఎన్ని అంచెల్లో పరిశీలించినా చివరికి వచ్చేది చాలాసార్లు భారీ అదనపు ప్రీమియమే. పరిశీలన మెరుగుపరిస్తే చాలదని, కొంతకాలం గడిచాక అసలు ప్రశ్నే అడగకూడదని రోగుల సంఘాలు పట్టుబట్టాయి. 2014 ఫిబ్రవరిలో అధ్యక్షుడు ఫ్రాన్స్వా ఒలాంద్ ప్రకటించిన జాతీయ క్యాన్సర్ ప్రణాళికలో ‘మరపు హక్కు’ చోటు చేసుకోవడానికి నేపథ్యం ఇదే. 2015 మార్చిలో ఒప్పందంగా, 2016 జనవరి 26 నాటి ఆరోగ్య చట్టంతో శాసనంగా అది నిలబడింది.

ఇంటర్నెట్‌లో పాత వార్తలను తొలగించమని అడిగే హక్కును కూడా ఇదే పేరుతో పిలుస్తారు; ఈ రెండూ వేరు. ఇక్కడ ఎవరి దగ్గరున్న సమాచారాన్నీ చెరిపేయమని ముందుగా అడగనక్కర్లేదు. నిర్ణీత గడువు దాటిన తరువాత, అప్పు బీమా తీసుకునేవారు తనకు క్యాన్సర్ వచ్చిన సంగతి చెప్పనవసరం లేదు, బీమా సంస్థ దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు, అదనపు ప్రీమియం వేయకూడదు, మినహాయింపు పెట్టకూడదు. అడిగినప్పుడు చెప్పకపోవడం అప్పటినుంచి దాపరికం కిందకు రాదు. న్యాయవాదిగా నాకు ఈ చట్టంలో బాగా నచ్చిన అంశం ఇదే. మన దగ్గర ఏజెంట్లు ‘రాయకండి మేడమ్, ఎవరికి తెలుస్తుంది’ అని చెవిలో చెబుతారు. ఆ మాట నమ్మి రాయనివారు క్లెయిమ్ వచ్చిన రోజున మోసగాళ్లుగా నిలబడవలసి వస్తుంది. ఫ్రాన్స్‌లో గడువు దాటినవారు నిజాయితీగానే మౌనంగా ఉండవచ్చు.

2016లో పెట్టిన గడువు పెద్దలకు పదేళ్లు, చిన్నతనంలో వ్యాధి నిర్ధారణ అయినవారికి ఐదేళ్లు. పద్దెనిమిదేళ్ల లోపు అన్న వయోపరిమితిని 2020లో ఇరవై ఒకటికి పెంచారు. 2022 ఫిబ్రవరి 28న, పార్లమెంటు సభ్యురాలు పత్రీసియా లెముయాన్ పేరుతో పిలిచే చట్టం వచ్చి, వయసుతో నిమిత్తం లేకుండా అందరికీ ఐదేళ్లు చేసింది. హెపటైటిస్-సి నయమైనవారిని కూడా చేర్చింది. అదే చట్టం ఇంకో అడుగు ముందుకేసి, ఒక్కొక్కరికి 2 లక్షల యూరోల లోపు ఉన్న ఇంటి అప్పుకు, అది 60 ఏళ్ల వయసు నిండేలోపు తీరిపోయేదైతే, ఆరోగ్య ప్రశ్నావళినే రద్దు చేసింది. అంటే సామాన్య కుటుంబాలు తీసుకునే అప్పుల్లో చాలావాటికి మధుమేహం ఉందా, గుండెజబ్బు ఉందా అన్న ప్రశ్నలకు కూడా చోటు లేకుండా పోయింది. ఈ భాగంపై బీమా సంస్థలు గట్టిగా అభ్యంతరం చెప్పాయి. ఖర్చు అందరి ప్రీమియంలోకీ పాకుతుందన్న వారి మాటను నేను పూర్తిగా కొట్టిపారేయను. కానీ కొద్దిమంది మోస్తున్న భారాన్ని అందరూ తలా కొంచెం పంచుకోవడానికే గదా బీమా పుట్టింది!

ఐదేళ్లు అంటే ఎప్పటి నుంచి ఐదేళ్లు? చట్టం ప్రయోజనమంతా ఈ ప్రశ్న మీద ఆధారపడి ఉంది కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. వ్యాధి నిర్ధారణ అయిన రోజా, ఆపరేషన్ జరిగిన రోజా, డాక్టరు ‘ఇక రానక్కర్లేదు’ అన్న రోజా? ఫ్రెంచి నిబంధన ప్రకారం, వ్యాధి తిరగబెట్టకుండా ఉన్న పక్షంలో, శస్త్రచికిత్స, రేడియేషన్, కీమోథెరపీ రూపంలో జరిగిన క్రియాశీల చికిత్స ముగిసిన తేదీయే ప్రారంభం. ఆ తరువాత హార్మోన్ మందులు గానీ ఇమ్యునోథెరపీ గానీ కొనసాగుతున్నా లెక్క ఆగదు. రొమ్ము క్యాన్సర్ వచ్చిన స్త్రీలు ఆపరేషన్ తరువాత ఐదేళ్లో పదేళ్లో టామోక్సిఫెన్ లాంటి మాత్రలు వాడుతారని మీలో చాలామందికి తెలుసు. ఆ మాత్రలను కూడా చికిత్సగా లెక్కిస్తే వారి ఐదేళ్ల గడువు పదేళ్లో పదిహేనేళ్లో అయ్యేది. ఏటా చేయించుకునే పరీక్షలు, ఫాలో-అప్ కూడా గడువును వెనక్కి నెట్టవు. ఈ ఒక్క వాక్యాన్ని రాయడానికి ఎంత ఆలోచించి ఉంటారో, ముసాయిదాలు రాసే అలవాటున్నవారు గ్రహించగలరు.

అయినా ఇందులో ఒక ఖాళీ మిగిలింది. దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా ఉన్నవారు ఇమాటినిబ్ లాంటి మాత్ర రోజూ వేసుకుంటూ, ఉద్యోగం చేసుకుంటూ, దాదాపు అందరిలాగే దశాబ్దాలు గడుపుతున్నారు. వారిలో చాలామందికి చికిత్స ముగిసే రోజంటూ రాదు. ముగింపు తేదీ మీద కట్టిన చట్టం వారిని సహజంగానే బయట వదిలేస్తుంది. అటువంటివారి కోసం ఫ్రాన్స్‌లో ఒప్పందంలో భాగంగా వ్యాధులవారీగా ఒక పట్టిక ఉంది. కొన్ని రకాల క్యాన్సర్లకు ఐదేళ్లకంటే తక్కువ గడువు, మరికొన్ని దీర్ఘవ్యాధులకు అదనపు ప్రీమియం మీద పరిమితి అందులో పెట్టారు. వైద్యం మారుతున్న కొద్దీ దాన్ని సవరిస్తూ పోతారు. మనం రాసుకునే నిబంధనలో ఇలాంటి పట్టిక లేకపోతే, ఇప్పుడు వస్తున్న కొత్త మందుల మీద బతికే తరమంతా ఆ రక్షణకు ఆవలే ఉండిపోతుంది.

ఫ్రాన్స్ తరువాత మిగిలిన దేశాల కథ త్వరగా చెప్పుకోవచ్చు. బెల్జియం 2019లో చట్టం చేసి, పదేళ్లతో మొదలుపెట్టి, క్రమంగా తగ్గించుకుంటూ వచ్చింది. నెదర్లాండ్స్‌లో 2021 నుంచి, పోర్చుగల్‌లో 2022 నుంచి అమల్లో ఉంది. స్పెయిన్ 2023లో ఐదేళ్లు పెట్టి, అంతకుమించిన పాత క్యాన్సర్‌ను వెల్లడించాలని రాసిన ఒప్పంద షరతులు చెల్లవంది. ఇటలీ 2023 డిసెంబర్‌లో తెచ్చిన 193వ నంబరు చట్టం పదేళ్లు పెట్టింది. 21 ఏళ్ల లోపు వ్యాధి వచ్చినవారికి ఐదేళ్లు. పరిధి విషయంలో ఇటలీ అందరికంటే ముందుంది. బ్యాంకు సేవలు, బీమాతో పాటు దత్తత తీసుకోవడం, ఉద్యోగ నియామక పరీక్షలు కూడా ఆ చట్టం కిందకు వచ్చాయి. పౌరులు అడిగితే గడువు పూర్తయిందని వైద్యవ్యవస్థ ధ్రువపత్రం ఇవ్వాలి. అందులో జబ్బు వివరాలు ఉండవు. చట్టానికి విరుద్ధంగా రాసిన షరతు మాత్రమే రద్దవుతుంది, మిగతా ఒప్పందం నిలుస్తుంది. లేకపోతే షరతును సవాలు చేసినవారికి పాలసీ మొత్తమే పోయే ప్రమాదం ఉండేది. ఐర్లండ్ మాత్రం చట్టం కంటే ముందు పరిశ్రమ స్వచ్ఛంద నియమావళిని ఎంచుకుంది. అక్కడ ఏడేళ్లు, పిల్లలకు ఐదేళ్లు.

ఐరోపా పార్లమెంటు 2022 ఫిబ్రవరిలో, సభ్యదేశాలన్నీ 2025 నాటికల్లా పదేళ్ల గడువుతో ఈ హక్కును తీసుకురావాలని తీర్మానించింది. దీని వెనుక ఎందరో వైద్యుల, రోగుల కృషి ఉంది. వారిలో బెల్జియంకు చెందిన డాక్టర్ ఫ్రాన్స్వాజ్ మ్యునియే పేరు ముందుగా చెప్పుకోవాలి. 2023 అక్టోబరులో వచ్చిన వినియోగదారుల రుణ ఆదేశం ఈ హక్కును మొట్టమొదటిసారి ఐరోపా యూనియన్ శాసనంలోకి తెచ్చింది, దాని నిబంధనలు 2026 నవంబరు 20 నుంచి అమలు కావాలి. అయితే దాన్ని ఎక్కువగా పొగడటానికి నేను సిద్ధంగా లేను. అది అనుమతించిన గరిష్ఠ గడువు 15 ఏళ్లు. పైగా ఆ ఆదేశం పరిధిలోకి వచ్చేవి వినియోగ రుణాలు. ఇంటిని తనఖా పెట్టి తీసుకునే అప్పులు దానిలోకి రావు. మనిషి జీవితంలో అన్నిటికంటే పెద్ద అప్పు దగ్గరే ఆ ఆదేశం ఆగిపోయింది.

మన పిల్లలు ఎక్కువగా స్థిరపడిన దేశాల సంగతి కూడా ఒకటి రెండు మాటల్లో చెబుతాను, ఎందుకంటే అక్కడ ఈ ఇబ్బంది ఉండదన్న అపోహ ఒకటి ఉంది. అమెరికాలో 2014 నుంచి పాత జబ్బు కారణంగా ఆరోగ్య బీమా నిరాకరించడం గానీ, ఎక్కువ ప్రీమియం అడగడం గానీ కుదరదు. అది చాలా పెద్ద రక్షణ. జీవిత బీమాకు మాత్రం అది వర్తించదు. అక్కడ ఉద్యోగం చేస్తూ ఇల్లు కొన్న మన తెలుగు కుటుంబంలో ఒకరికి క్యాన్సర్ వచ్చి తగ్గినా, కొత్త టర్మ్ పాలసీ అడిగినప్పుడు పాత ప్రశ్నే ఎదురవుతుంది. బ్రిటన్‌లో 2010 సమానత్వ చట్టం ప్రకారం క్యాన్సర్ నిర్ధారణ అయిన రోజు నుంచే వారిని వైకల్యం ఉన్నవారిగా పరిగణిస్తారు. ఉద్యోగంలో వివక్ష చూపకూడదు. బీమా సంస్థలకు మాత్రం తగిన గణాంకాల ఆధారం ఉంటే వేరుగా చూసే మినహాయింపు అక్కడా ఉంది.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. మనకు రక్షణ ఏమీ లేదనడం తప్పు. కొన్ని మంచి నిబంధనలే ఉన్నాయి. బీమా చట్టం 45వ సెక్షన్‌కు 2015లో వచ్చిన సవరణ ప్రకారం, జీవిత బీమా పాలసీ మొదలై మూడేళ్లు దాటిన తరువాత ఏ కారణంతోనూ దాన్ని ప్రశ్నించకూడదు. ఆరోగ్య బీమాలో 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనలు, ముందే ఉన్న జబ్బులకు వేచి ఉండవలసిన కాలాన్ని నాలుగేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించాయి. వరుసగా 60 నెలలు పాలసీ కొనసాగితే, మోసం రుజువైతే తప్ప, వెల్లడించలేదన్న కారణంతో క్లెయిమ్ కొట్టేయడం కుదరదు; ఇంతకుముందు ఈ కాలం ఎనిమిదేళ్లు. అన్ని వయసులవారికీ, అన్ని రకాల జబ్బులు ఉన్నవారికీ తగిన పాలసీలు అందుబాటులో ఉంచాలని కూడా నియంత్రణ సంస్థ కంపెనీలను ఆదేశించింది.

వీటన్నిటినీ ఒక వరుసలో పెట్టి చూడండి. మూడేళ్లు ఎప్పటి నుంచి? పాలసీ మొదలైన రోజు నుంచి. 36 నెలల నిరీక్షణ ఎప్పటి నుంచి? పాలసీ కొన్న రోజు నుంచి. 60 నెలలూ అంతే. మన నిబంధనల్లో గడియారం నడవడం మొదలయ్యేది గుమ్మం దాటి లోపలికి వచ్చిన తరువాతే. గుమ్మం దగ్గరే ఆపేసినవారికి ఆ గడియారం ఎన్నటికీ కదలదు. చికిత్స ముగిసి పాతికేళ్లు అయినా, పాలసీ దొరకని మనిషి మన చట్టం లెక్కలో సున్నా దగ్గరే ఉంటాడు. ఐరోపా దేశాలవారు లెక్క మొదలుపెట్టింది చికిత్స ముగిసిన తేదీ నుంచి. వారికీ మనకూ ఉన్న అసలు తేడా ఇదే. గడువు ఐదేళ్లా పదేళ్లా అన్నది తరువాతి విషయం.

మన నిబంధనల్లో ఒక్కచోట మాత్రం వెనక్కి చూసే లెక్క ఉంది, దాన్ని చాలామంది గమనించరు. ఆరోగ్య బీమాలో ‘ముందే ఉన్న జబ్బు’ అంటే, పాలసీ మొదలవడానికి ముందు 36 నెలల లోపు నిర్ధారణ అయినది, లేదా ఆ 36 నెలల్లో వైద్య సలహా గానీ చికిత్స గానీ తీసుకున్నది అని నిర్వచనం. దీని ప్రకారం, పదేళ్ల క్రితం నయమైపోయి, గత మూడేళ్లలో దాని కోసం డాక్టరు దగ్గరకే వెళ్ళని క్యాన్సర్ ఆ నిర్వచనంలోకి రాదు. కానీ నిర్వచనం పనిచేసేది నిరీక్షణ కాలం లెక్కకే. పాలసీ ఇవ్వాలా వద్దా అని తేల్చే అండర్‌రైటరు ముందున్న ఫారంలో ‘ఎప్పుడైనా’ అన్న ప్రశ్న అలాగే ఉంటుంది. ఇంకో విడ్డూరం ఏమిటంటే, బుద్ధిగా ఏటా ఫాలో-అప్‌కు వెళ్ళేవారు ‘వైద్య సలహా తీసుకున్నవారు’ అవుతారు. పరీక్షలు మానేసినవారికి నిర్వచనం అనుకూలిస్తుంది. జాగ్రత్తగా ఉన్నవారిని శిక్షించే నిబంధన ఏ వైద్యుడికీ రుచించదు.

రాజ్యాంగం వైపు నుంచి చూస్తే మనకు పునాది గట్టిదే. జీవిత బీమా సంస్థ (ఎల్‌ఐసీ) ఒక టర్మ్ పాలసీని ప్రభుత్వ ఉద్యోగులకూ, పెద్ద సంస్థల జీతగాళ్లకూ మాత్రమే పరిమితం చేసినప్పుడు, ఆ షరతు సమానత్వ హక్కుకు విరుద్ధమని 1995లో సుప్రీంకోర్టు కొట్టివేసింది; బీమా షరతులు న్యాయంగా, సమంజసంగా ఉండాలంది. జన్యు సంబంధ వ్యాధులన్నిటినీ గంపగుత్తగా మినహాయించే షరతును 2018లో ఢిల్లీ హైకోర్టు తప్పుబట్టింది. చక్రాల కుర్చీలో ఉన్న ఒక పిటిషనర్‌కు ఆరోగ్య బీమా నిరాకరించిన కేసులో అదే కోర్టు 2022 డిసెంబరులో ఇచ్చిన తీర్పు తరువాత, 2023 ఫిబ్రవరిలో నియంత్రణ సంస్థ ప్రతి కంపెనీ ప్రత్యేక పాలసీ తేవాలని ఆదేశించింది. ఆ ఆదేశంలో ఉన్నవారు వికలాంగులు, హెచ్‌ఐవీ ఉన్నవారు, మానసిక వ్యాధి ఉన్నవారు. వారికి ఆ చోటు దక్కడానికి కారణం, ఒక్కొక్కరి వెనుక పార్లమెంటు చేసిన ఒక్కో చట్టం ఉంది. 2017 హెచ్‌ఐవీ చట్టం, గణాంకాల ఆధారం లేకుండా బీమా నిరాకరించడాన్ని వివక్ష అంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం, శారీరక వ్యాధులకు ఇచ్చినట్టే మానసిక వ్యాధులకూ వైద్య బీమా ఇవ్వాలంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. క్యాన్సర్ ఆ జాబితాలో లేదు. గొంతు క్యాన్సర్ వల్ల స్వరపేటిక తీసివేయబడినవారు మాట వైకల్యం కింద అందులోకి వస్తారు. ఎముక క్యాన్సర్‌తో కాలు పోయినవారు చలన వైకల్యం కింద వస్తారు. ఒంటి మీద ఏ గుర్తూ మిగలకుండా కోలుకున్నవారికి మాత్రం ఏ చట్టంలోనూ చోటు లేదు.

క్యాన్సర్‌ను కూడా వైకల్యాల జాబితాలో చేర్చమని కొందరు అడుగుతున్నారు. నాకు ఆ దారి అంత సరైనదిగా అనిపించదు. పూర్తిగా కోలుకున్నవారు తమను రోగులుగా చూడవద్దంటున్నారు. వారిని శాశ్వతంగా మరో వర్గంలో చేర్చి రక్షణ ఇవ్వడం వారి కోరికకే విరుద్ధం. కొత్త డేటా పరిరక్షణ చట్టం సరిపోతుందని మరికొందరు అంటున్నారు. 2023 నాటి ఆ చట్టం సమాచారాన్ని తొలగించమని అడిగే హక్కు ఇచ్చింది గానీ, ఆరోగ్య సమాచారానికి విడిగా హెచ్చు రక్షణ ఏదీ పెట్టలేదు. పాత కాగితం చించేసినంత మాత్రాన, రేపు కొత్త ఫారంలో అదే ప్రశ్న అడగకుండా ఆపేదేమీ అందులో లేదు.

పాత జబ్బు గురించి అడగని బీమా సాధ్యమేనా అనేవారికి నేను ఆరోగ్యశ్రీని చూపిస్తాను. 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆ పథకం, కార్డు ఉన్న కుటుంబాన్ని ‘మీకు ఇంతకుముందు ఏముంది’ అని అడిగి వెనక్కి పంపలేదు. కేంద్రం తెచ్చిన ఆయుష్మాన్ భారత్ కూడా ముందే ఉన్న జబ్బులను మొదటి రోజు నుంచే భరిస్తుంది. పెద్ద కంపెనీల గ్రూపు బీమాలోనూ సాధారణంగా ఆ ప్రశ్న రాదు. ఇబ్బంది పడుతున్నది ఈ రెండింటి మధ్య ఉన్నవారు: చిన్న వ్యాపారులు, ప్రైవేటు స్కూళ్ల ఉపాధ్యాయులు, సొంతంగా పనిచేసుకునే వృత్తిదారులు, ఉద్యోగం మానేసి గ్రూపు బీమా పోగొట్టుకున్నవారు. పైగా ప్రభుత్వ పథకాలు ఆసుపత్రి ఖర్చు భరిస్తాయే గానీ ఇంటి అప్పుకు గానీ కుటుంబ భవిష్యత్తుకు గానీ హామీ ఉండవు.

కొత్త నిబంధన వచ్చేదాకా ఏం చేయాలని మీరు అడుగుతారు. ప్రపోజల్ ఫారంలో అడిగినదానికి నిజమే రాయండి. మూడేళ్లో ఐదేళ్లో గడిస్తే చాలని దాచిపెట్టడం కుటుంబం భవిష్యత్తుతో జూదమాడటమే. రాసిన ఫారం ప్రతి ఒకటి మీ దగ్గర పెట్టుకోండి. మీరు నిజం చెప్పాక, ఆ సంగతి తెలిసీ పాలసీ ఇచ్చిన కంపెనీ తరువాత అదే కారణంతో క్లెయిమ్ తిరస్కరించలేదని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. తిరస్కరిస్తే కారణాన్ని రాతపూర్వకంగా అడగండి; నోటిమాటతో ఊరుకోవద్దు. డిశ్చార్జి సమ్మరీలతో పాటు, క్రియాశీల చికిత్స ఏ తేదీన ముగిసిందో స్పష్టంగా రాసిన ఒక లేఖను మీ ఆంకాలజిస్టు (క్యాన్సర్ వైద్యుడు) దగ్గర ఇప్పుడే తీసుకోండి. ఇరవై ఏళ్ల తరువాత ఆసుపత్రిలో ఆ ఫైలు దొరకకపోవచ్చు. ఉద్యోగం మానేసేముందు, గ్రూపు పాలసీ నుంచి అదే కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారే వెసులుబాటు గురించి అడగండి; అప్పటిదాకా గడిచిన కాలం నిరీక్షణ లెక్కలోకి వస్తుంది. క్లెయిమ్ తగాదాలకు హైదరాబాదులోనే బీమా అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు విని తేల్చే అధికారి) కార్యాలయం ఉంది. దానికి ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. నా వృత్తికి నష్టమైనా ఈ మాట చెప్పక తప్పదు.

ఇక నిబంధన విషయానికి వస్తే, దీనికి పార్లమెంటు చట్టం దాకా ఎదురుచూడనక్కర్లేదని నా అభిప్రాయం. జబ్బుల నిర్వచనాన్నీ, నిరీక్షణ కాలాన్నీ ఏ అధికారంతో మార్చారో అదే అధికారంతో ప్రపోజల్ ఫారంలో ప్రశ్నకు కూడా కాలపరిమితి పెట్టవచ్చు. ‘క్రియాశీల చికిత్స ముగిసి, వ్యాధి తిరగబెట్టకుండా ఇన్నేళ్లు గడిచిన క్యాన్సర్ గురించి ప్రపోజల్ ఫారంలో అడగరాదు, హార్మోన్ మందులు, క్రమానుగత పరీక్షలు ఈ కాలాన్ని ఆపవు, చిన్నతనంలో వచ్చిన క్యాన్సర్‌కు ఇందులో సగం కాలం చాలు’ అని మూడు ముక్కల్లో రాయవచ్చు. దానికి తోడు వ్యాధులవారీ పట్టికను ఆంకాలజిస్టులు, ఆక్చువరీలు (బీమా ప్రమాదాన్ని లెక్కగట్టే గణాంక నిపుణులు), కోలుకున్నవారి ప్రతినిధులు కలిసి తయారుచేయాలి. ఎన్నేళ్లన్నది వారు తేల్చేదాకా పదేళ్లతో మొదలుపెట్టినా నాకు అభ్యంతరం లేదు. ఫ్రాన్స్ కూడా అక్కడే మొదలుపెట్టింది. బీమా నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయం ఈ నగరంలోనే, నానక్‌రామ్‌గూడ ఆర్థిక జిల్లాలో ఉంది. నిబంధనలు మార్చేముందు ఆ సంస్థ ముసాయిదాను తన వెబ్‌సైట్‌లో పెట్టి, ప్రజల నుంచి సూచనలు అడుగుతుంది. ఆ సూచనలు పంపేది ఇప్పటిదాకా ఎక్కువగా కంపెనీలూ వాటి సంఘాలూ. నేను చదివిన ఆ మూడు ముక్కల ప్రతులు బయట బల్ల మీద ఉన్నాయి. వైద్యులు వాటిలో తేదీల నిర్వచనం సరిచూసి నాకు చెప్పగలిగితే, తరువాతి ముసాయిదాకు మన సంతకాలతో పంపుదాం.